ఆ రోజు సిక్ రిపోర్టు చేసినావా?

మిలిట్రీ నుంచి పెన్షన్ వచ్చినవాళ్లకు కాగితాలు రాసిపెడతానని మంత్రాలయం చుట్టుపక్కల నాకో పేరుంది. ఆర్టిలరీలో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి, ఆ మాత్రం పేరు రావడంలో వింతేమీ లేదు. వచ్చేవాళ్లు మాత్రం ఒకటే మాట పట్టుకుని వస్తారు: "అన్నా, ఇంగ్లీషులో గట్టిగా రాయన్నా." అర్జీ గట్టిగా ఉంటే డిసెబిలిటీ పెన్షన్ పరిగెత్తుకుంటూ వస్తుందని వాళ్ల నమ్మకం. రాయడం గంట పని. అడగడానికే రోజులు పడతాయి. అడిగి, జవాబు నోట్లోంచి బయటపడేదాకా టీ తాగుతూ ఊరకే కూర్చోవాలి.

అడిగేది తిప్పి తిప్పి ఒకటే. ఎప్పుడు జరిగింది, యాడ జరిగింది, ఆ రోజు సిక్ రిపోర్టు చేసినావా?

నడుము నొస్తోందని ఎవరైనా చెప్తారు. ఆ నడుము ఏ డ్యూటీలో పట్టిందో, ఏ ఎం.ఐ. రూములో, అంటే పటాలం వైద్యం గదిలో, చూపించాడో అడిగితే పదిహేడేళ్లు సర్వీసు చేసిన హవల్దారు కూడా నేల చూపులు చూస్తాడు. ఎక్కడా చూపించలేదు మరి. సిక్ రిపోర్టు చేస్తే, అంటే ఒంట్లో బాగాలేదని డాక్టరు దగ్గర రాయించుకుంటే, కేటగిరీ పడుతుందని భయం. లో మెడికల్ కేటగిరీలో పడ్డాడంటే ప్రమోషన్ కోర్సుకు అడ్డం, ఐక్యరాజ్యసమితి మిషన్‌కు అడ్డం, ఒక్కోసారి సర్వీసు పొడిగింపుకే ఎసరు. ఇంటి దగ్గర చూస్తే వాన ముఖం చూడని నాలుగెకరాలు, పెళ్లి కావలసిన చెల్లెలు, సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే అమ్మా నాయనా. అందుకని రెండు మాత్రలు మింగి, మోకాలికి క్రేప్ బ్యాండేజీ బిగించి, ప్యాంటు కిందికి దించి పరుగు పందెంలో నిలబడతాడు. మంచి సిపాయి అనిపించుకుంటాడు. ఆ మంచితనమే రిటైరయిన రోజు మెడికల్ బోర్డు ముందర అతనికి ఎదురు సాక్ష్యం చెప్తుంది: సర్వీసంతా ఈయనకు ఏ జబ్బూ లేదు, ఫైలు చూసుకోండి అని.

నిబంధన చెప్పుకోవడానికి తేలికే. వైకల్యం సర్వీసు వల్ల వచ్చి ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి. అది ఇరవై శాతానికి తగ్గకూడదు. రెండూ ఉంటేనే పెన్షన్. మెడికల్ బోర్డు కాగితంలో ఈ రెంటికీ రెండు గళ్లుంటాయి, మనిషి జీవితమంతా ఆ గళ్లలో తేలిపోతుంది. మొదటి గడిలో సర్వీసు వల్ల రాలేదు, ముదరలేదు అని రాస్తే దాన్నే ఫైళ్లలో పొట్టిగా "నానా" అంటారు. రెండో గడిలో పదిహేను నుంచి పందొమ్మిది శాతం అని రాస్తే ఇరవైకి చేరలేదు కాబట్టి అదీ పోయినట్టే. ఆ పందొమ్మిది అంకె ఎన్ని కాగితాల్లో చూశానో! ఇరవైకి ఒక్క మెట్టు కింద అంతమంది ఎట్లా ఆగిపోతారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఏటి ఒడ్డు పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. 1989లో చేరి, 2006లో పెన్షన్ వచ్చిన గన్నరు. బోఫోర్స్ తోపు పక్కన ఏళ్ల తరబడి నిలబడిన మనిషి. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ తలాడించి నవ్వుతాడు, జవాబు భార్య చెప్తుంది. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆయన నా పెదాలు చూసి అంచనా కడుతున్నాడని. ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె ఉంది, మూత మీద తెల్ల రంగుతో ఆర్మీ నంబరు. లోపల కాగితాలన్నీ ఒకే అట్టముక్కలా అతుక్కుపోయి ఉన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచినప్పుడు ఆ పెట్టె కూడా మునిగింది. డిశ్చార్జి బుక్కు అట్ట మిగిలింది. మెడికల్ బోర్డు కాగితంలో సిరా అంతా కొట్టుకుపోయి రబ్బరు స్టాంపు గుండ్రం మాత్రం కనిపిస్తోంది. నేను దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తుంటే, "ఎండకు బాగా ఆరబెట్టినాం సార్" అంది ఆమె, తమ వైపు నుంచి లోపమేమీ లేదన్నట్టు.

పెన్షనరు కాబట్టి ఆయన నకళ్లు రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. నాసిక్ రోడ్ క్యాంపుకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ, పది రూపాయల పోస్టల్ ఆర్డరు. పెన్షనే లేకుండా మధ్యలో ఇంటికి పంపేసినవాళ్ల సంగతి ఇంకా కష్టం. పెన్షనరు కానివాళ్ల సర్వీసు కాగితాలు పాతికేళ్లు దాటితే ధ్వంసం చేస్తారు. ఆ తర్వాత వచ్చి నా గుమ్మంలో కూర్చుంటే లాంగ్ రోల్ అనే రిజిస్టరులో మిగిలిన నాలుగు ముక్కలతో నేనేం కేసు కట్టగలను?

ఈయన నకలు వచ్చింది. చెవుడు అని రాసి ఉంది. పక్కన నానా. కారణం: పీస్ స్టేషన్‌లో మొదలయింది. ఏ స్టేషనయ్యా అంటే దేవ్లాలీ. స్కూల్ ఆఫ్ ఆర్టిలరీ ఉన్న ఊరు, తోపులు పేల్చడం నేర్పే రేంజి ఉన్న ఊరు. కాగితం మీద మాత్రం ప్రశాంత ప్రాంతం! యుద్ధం లేని చోట చెవి ఎందుకు పోతుందని బోర్డు అనుకుంది కాబోలు.

ఎప్పటి నుంచి వినపడటం లేదని ఆయన్ను అడిగితే "ఏం లేదు సార్, బాగానే ఉండ్య" అంటాడు. అదే సిపాయి జవాబు. భార్యే చెప్పింది. "ఉరుకుంద ఈరన్న సామి తిరణాలకు సెలవులో వచ్చినాడు సార్. పాప వెనకనుంచి నాయనా నాయనా అని పిలిస్తే పలకల్యా. కోపమొచ్చిందేమో అనుకుంటి." ఏ శ్రావణ మాసమమ్మా అంటే, పాప బళ్లో చేరిన ఏడు అని వేళ్లు లెక్కపెట్టింది. డాక్యుమెంటుల్లో చూస్తే ఆ ఏటి ఎండాకాలమే దేవ్లాలీలో ఫైరింగు.

ఇటువంటి కేసుకు ఆధారం ఒక తీర్పు. ధరమ్‌వీర్ సింగ్ అనే సిగ్నల్స్ జవాను 1985లో చేరాడు, మూర్ఛలు వస్తున్నాయని 1994లో బోర్డ్ అవుట్ చేశారు. ఇరవై శాతం వైకల్యం, సర్వీసుకు సంబంధం లేదు అన్నారు, ఎందుకు లేదో రాయలేదు. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో ఒకసారి గెలిచి, అదే హైకోర్టు ధర్మాసనం ముందు ఓడి, చివరికి 2013 జూలైలో సుప్రీంకోర్టులో గెలిచాడు. చేర్చుకునేటప్పుడు ఒళ్లంతా పరీక్ష చేసి ఏ జబ్బూ లేదని రాసుకున్నది మీరే, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదంటే రుజువు చేయవలసింది మీరు, జవాను కాదు అని దాని సారం. ఆ తీర్పు వచ్చాక నా పని సగం మారింది. ఎవరు వచ్చినా మొదట వెతికేది చేరిన రోజు మెడికల్ కాగితం. ఈ గన్నరు రెండు చెవులూ ఆ రోజు నిక్షేపంగా ఉన్నాయి.

శాతం సంగతి మిగిలింది. ఈయన కాగితంలోనూ ఉన్న ఆ పందొమ్మిదిని ఇరవై చేయడానికి మళ్లీ మెడికల్ బోర్డు కావాలి. జబ్బు వల్ల మధ్యలోనే పంపేస్తే ఇరవైకి పైనే అనుకోవాలని 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో చెప్పారు గానీ ఈయన పూర్తి సర్వీసు చేసినవాడు, ఆ దారి పనికిరాదు. మామూలుగా ఆరు నెలల్లో ఫస్ట్ అప్పీలు చేసుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. ఆలస్యం మన్నించమని ఒక అర్జీ, అసలు కేసు ఒకటి. గెలిచినా సాధారణంగా కేసు వేసిన నాటికి వెనక మూడేళ్ల బకాయే ఇస్తారని ముందే చెప్పాను. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు నుంచి చాలా కేసుల్లో అదే పద్ధతి నడిచింది. ఆయనకు వినపడలేదు, ఆమె మొహం చిన్నబోయింది.

అయినా ఎందుకు ఇంత పట్టుదల అంటే ఈ లెక్క చూడండి. వంద శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో ముప్పై శాతం. నలభై వేల జీతమైతే పన్నెండు వేలు. ఇరవై శాతం వైకల్యానికి అందులో ఐదో వంతు, 2,400. అయితే ఇరవై నుంచి యాభై లోపు ఎంతున్నా యాభైగా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు 6,000, కరువు భత్యం అదనం. పందొమ్మిది అయితే సున్నా. మా వైపు పల్లెలో నెలకు ఆరు వేలంటే ఒక మనిషి వలస తప్పుతుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత రిటైరయినవాళ్లకు నిబంధనలు మారాయి, కొందరికి వచ్చేదాని పేరే ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అయింది. కొత్తగా వచ్చేవాళ్లు పాతవాళ్ల కాగితం చూసి అచ్చు అదే రాయించుకోవద్దు.

ఈ ప్రాంతానికి ఇంకో పీడ పేర్లు. ఈరన్న అని తండ్రి పెడితే, భర్తీలో ఉత్తరాది క్లర్కు చెవికి తోచినట్టు ఐరన్న అని రాసుకుంటాడు, ఆధార్‌లో వీరన్న అని పడుతుంది. ఇంటిపేరు ముందుండే మన అలవాటు వాళ్లకు తెలీదు. భార్య పేరు పటాలం రికార్డుకెక్కే పార్ట్ టూ ఆర్డరులో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. ఇదివరకు బ్యాంకు మేనేజరు మనిషిని చూసి సర్దుకునేవాడు. ఇప్పుడు పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి, అంటే ప్రయాగ్‌రాజ్ లెక్కల్లోకి నేరుగా పోయాక, కంప్యూటరు ముఖం చూసి సర్దుకోదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె తిరిగే తిరుగుళ్లన్నీ ఆ ఒక్క అక్షరం దగ్గరే మొదలవుతాయి. బతికుండగానే దిద్దించుకోండయ్యా అంటే శకునం మాట్లాడుతున్నానని కోప్పడతారు.

కాదు, కుదరదు అని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. వార్షిక సెలవులో ఉండి ఎమ్మిగనూరు రోడ్డులో బైకు మీంచి పడ్డ కుర్రాడొకడు వచ్చాడు. సెలవులో, సొంత పని మీద పోతూ పడితే దానికీ డ్యూటీకీ సంబంధం చూపించలేం. 2011లో జుఝార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటిదాన్నే కొట్టేసింది. సెలవుకు ఇంటికి వస్తూనో, తిరిగి పటాలానికి పోతూనో దారిలో జరిగితే మాట వేరు. "అయితే తుంగభద్ర స్టేషన్‌లో రైలు దిగి వస్తాంటే పడినానని రాయి అన్నా" అన్నాడు. వాడికి టీ తాగించి పంపేశాను. నాలుగు రోజులకు ఎవరో ఏజెంటు దగ్గర రాయించుకున్నాడని విన్నాను. బకాయిలో పావు వంతు తీసుకునే ఏజెంట్లు తయారయ్యారు. వాళ్లు ఇటువంటివి రాస్తారు, పోయిన కేసుకు ఫీజు మాత్రం తిరిగివ్వరు. ఒక అబద్ధం కేసు నిజమైన పది కేసుల మీద అనుమానం తెస్తుంది. బోర్డుల్లో కూర్చునేవాళ్లు నానా అని రాయడానికి ఆ అనుమానం కూడా ఒక కారణమే, నేను ఒప్పుకుంటాను.

అమెరికాలో ఇదే పనికి జిల్లాల్లాంటి కౌంటీల్లో జీతమిచ్చి మనుషుల్ని పెడతారు. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ తగిలినవాళ్లకు 1991లో, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల పొగ పీల్చినవాళ్లకు 2022లో చట్టాలు చేశారు. ఫలానా చోట పనిచేశావా, ఫలానా జబ్బు ఉందా, అయితే సర్వీసు వల్లే వచ్చిందనుకుంటాం అని. తోపుల దగ్గర పనిచేసినవాడి చెవుడుకు మన దగ్గర అటువంటి జాబితా ఒకటి పెడితే ఎన్ని వ్యాజ్యాలు తగ్గుతాయో! ఇక్కడ జవాను ధరమ్‌వీర్ సింగ్ పేరు చెప్పుకుని ఒక్కొక్కడుగా చెన్నై పోవాలి.

ఇప్పుడు సర్వీసులో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, నొప్పి వచ్చిన రోజే సిక్ రిపోర్టు చేయండి. దెబ్బ తగిలితే ఇంజురీ రిపోర్టు రాయించండి, చూసినవాడి పేరు, నంబరు అందులో పడేలా చూడండి. కేటగిరీ పడితే పడుతుంది. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డులో డాక్టరు "ఎనీ కంప్లెయింట్" అని అడిగినప్పుడు ఛాతీ విరిచి "నో సార్" అనకండి. ఆ కాగితాలన్నీ ఫోటో తీసి మూడు చోట్ల దాచండి, ఒకటి ఏటికి దూరంగా.

రిటైరయినవాళ్లు ముందుగా కర్నూలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి, అక్కడ పైసా ఖర్చు లేదు. కర్నూలు పోలేనివాళ్లు నా దగ్గరికి రావచ్చు. డిశ్చార్జి బుక్కు, పీపీఓ అనే పెన్షన్ ఆర్డరు, మెడికల్ బోర్డు కాగితం, ఆధార్, వీటితో పాటు భార్యను కూడా తీసుకురండి. తేదీలు ఆమెకే గుర్తుంటాయి. గురువారం మాత్రం వద్దు, రాఘవేంద్ర స్వామి దర్శనానికి వచ్చే జనంతో ఆ రోజు మా వీధిలో సైకిలు నిలిపే చోటు కూడా ఉండదు.