టిక్కీలో చెయ్యి పెట్టి చూడాలి

బొల్లాపల్లిలో మా కల్లంలో మిర్చిని టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎత్తే రోజున నాన్న ముందుగా కాటా దగ్గరికి పోయేవాడు కాదు. టిక్కీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గింజలు గలగలమంటే ఎండినట్టు. "కాటా ఏం చెబుద్దిరా? మెత్తకాయ కొంచెమున్నా అదే తూకం, ఎండుకాయ ఎక్కువున్నా అదే తూకం" అనేవాడు.

కృష్ణబిలాల నుంచి చిమ్మే ధారల వెలుగును లెక్కకట్టడం నా పని. బిలం చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి జారే పదార్థంలో కొంత, దాదాపు కాంతి వేగంతో రెండు వైపులా బయటికి దూసుకొస్తుంది. నేను ఎక్కువగా చూసేది మార్కేరియన్ 421. సప్తర్షి మండలం వైపు, సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న గెలాక్సీ అది. దాని ధార ఇంచుమించు మన వైపే తిరిగి ఉంది. అందుకే అంత దూరం నుంచీ అంత వెలుగు.

ధారలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ రేడియో తరంగాల నుంచి ఎక్స్-కిరణాల దాకా వెలువరిస్తాయి. గ్రాఫు గీస్తే అదొక మూపురం. చిక్కంతా ఇక్కడే. ఎలక్ట్రాన్లు తక్కువై క్షేత్రం బలంగా ఉన్నా, ఎలక్ట్రాన్లు ఎక్కువై క్షేత్రం నీరసంగా ఉన్నా మూపురం అంతే ఎత్తు రావచ్చు. కొత్తలో నా లెక్కలోంచి వచ్చిన గీత కొలతల చుక్కల మీద కూర్చోగానే పని అయిపోయిందనుకున్నాను. వేరే అంకెలు పెట్టినా అదే గీత వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గలగల వినిపించేది రెండో మూపురంలో. అవే ఎలక్ట్రాన్లు తాము పుట్టించిన వెలుగునే మళ్లీ ఢీకొట్టి గామా కిరణాలుగా ఎగదోస్తాయి. మొదటి మూపురం మారకుండా ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యేకొద్దీ ఇది పైకి లేస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే క్షేత్రం బలం ఎంతో అంచనాకు అందుతుంది.

అయితే రెండూ ఒకే పూట కొలవాలి. ఈ ధార వెలుగు గంటల్లో మారిపోతుంది. ఒకసారి నేను ఒక నెల ఎక్స్-కిరణాలకు మరో నెల గామా కిరణాలను జతచేశాను. గీత ఎంత ముచ్చటగా కుదిరిందో! రాత్రి మంచుకు కాయ మెత్తబడుతుందని కల్లంలో పుట్టి పెరిగిన నాకు తెలుసు, అయినా ఆ సంగతే మరిచాను.

ఆ రెండు మూపురాలనూ చూసే సాధనాలకు మన నేలతో చుట్టరికం ఉంది. ఎక్స్-కిరణాలు చూసే ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి లేచింది. గామా కిరణాల కోసం లడఖ్‌లోని హాన్లేలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున నిలిచిన 21 మీటర్ల మేస్ టెలిస్కోపును బార్క్ సంస్థ హైదరాబాద్ ఈసీఐఎల్ తోడ్పాటుతో కట్టింది. 2024 అక్టోబరు 4న దాన్ని ప్రారంభించారు.

ఈ వారం నా ముందున్న జతలో రెండు కొలతల మధ్య మూడు రోజుల తేడా ఉంది. గీత చక్కగానే కూర్చుంటోంది. పక్కన పెట్టేశాను.