రజ్వీ చొక్కా ఏ రంగు?

ఈ వారం నాకు కోపం తెప్పించింది రెండు కళ్ల మూలల్లో పూసిన కాసింత ఎరుపు.

మా వీధిలో అద్దెకుంటున్న యానాం కుర్రాడు ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాడు. తెలుగు ఆర్డర్లు వచ్చినప్పుడు అక్షరదోషాలు చూసిపెట్టమని ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వస్తాడు. మొన్న తెచ్చింది హైదరాబాద్ ఆర్డరు. హైదరాబాద్ భారత్‌లో కలిసిన రోజని సెప్టెంబరు 17న కట్టే ఫ్లెక్సీ. ఒకవైపు 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించిన ఫొటో. రెండోవైపు నిజాం రాజ్యం కోసం పల్లెల మీద పడ్డ రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ, వెనకంతా ఆకుపచ్చ. రెండూ నలుపు తెలుపులో తీసినవే. రెండింటికీ రంగులు వేసి ఉన్నాయి.

అక్షరాల్లో తప్పుల్లేవు. ‘‘ఆ కళ్లేంట్రా అలా ఉన్నాయి?’’ అన్నాను.

‘‘కాస్త ఎరుపు పెట్టమన్నారండి మావయ్యగారూ. మొహం కూడా ఓ ఛాయ తగ్గించమన్నారండి. సాఫ్ట్‌వేరు వేసిన రంగుల్లో మరీ మంచోడిలా ఉన్నాడంటండి ఆయ్.’’

వాడి తప్పేం లేదు. ఆర్డరిచ్చినవాళ్లు చెప్పింది చేశాడు. కానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పాత బొమ్మలకు రంగులద్దడం మీద నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. 2010 జనవరిలో రంగుల ‘మాయాబజార్’ వచ్చి ఊరూవాడా సంబరపడుతున్నప్పుడు, నేను చూడనని భీష్మించుక్కూర్చున్నాను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగుతోనూ నీడతోనూ కట్టిన వెన్నెలకు ఇంకొకరి చేత్తో నీలం పులమడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనం ప్రేమించేవాళ్ల విషయంలోనే ఇంత పట్టుదల ఉంటే, జనం శాపనార్థాలు పెట్టినవాళ్ల విషయంలో చెప్పేదేముంది? రంగు పడగానే బొమ్మకు ఒంట్లో నెత్తురు పుడుతుంది. బుగ్గ వెచ్చగా కనిపిస్తుంది. గాడ్సే ఫొటోకు రంగులద్ది దండలేసేవాళ్లను చూస్తున్నాం కదా. హిట్లర్ సంగతి సరేసరి. హ్యూగో యేగర్ అనే ఫొటోగ్రాఫర్ ఆయన వెంట తిరిగి, ఆ రోజుల్లోనే కలర్ ఫిల్ము మీద తీశాడు. యుద్ధం ఓడిపోయాక ఆ ఫిల్ములను గాజు సీసాల్లో పెట్టి మ్యూనిక్ శివార్లలో పాతిపెట్టి, 1965లో లైఫ్ పత్రికకు అమ్మాడు. వేడుకలు, జెండాలు, అభిమానుల కేరింతలు. ఆ రంగులన్నీ కీర్తి కోసమే.

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో కాపురముంటే ఇది ఊరికే పుట్టే ఆలోచన కాదు. నేను రోజూ పాలప్యాకెట్ కోసం దాటేది బుస్సీ వీధి. కాగితాల మీద లాల్ బహదూర్ శాస్త్రి వీధే అయినా ఆటోవాళ్ల నోట్లో ఇప్పటికీ బుస్సీయే. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన ఫిరంగులు ఆ ఫ్రెంచి సేనాని బుస్సీవే. ఆ తర్వాత 1785లో ఆయన ఈ ఊళ్లోనే పోయాడు. ఇంకాస్త ముందుకెళితే బీచి రోడ్డు చివర ఫ్రెంచి గవర్నరు డూప్లే విగ్రహం, 1870లో నిలబెట్టింది. వాళ్ల కాలానికి ఫొటో అనేదే లేదు. వాళ్ల ముఖాలు మనదాకా వచ్చింది మెచ్చుకున్నవాళ్ల కుంచెల్లోంచీ ఉలుల్లోంచీ. దెబ్బ తిన్న బొబ్బిలివాళ్లను ‘ఆయన ఎలా ఉండేవాడమ్మా’ అని ఎవరడిగారు? ఫొటో వచ్చిన తర్వాత కూడా మన తెలుగువాళ్లం శత్రువును రంగుల్లో చూసింది సినిమాల్లోనే. రూథర్‌ఫర్డ్ అనగానే 1974 ‘అల్లూరి సీతారామరాజు’లోని జగ్గయ్య కళ్ల ముందుకొస్తాడు తప్ప ఆ దొర రాడు.

ఇక రంగు ఎంత మాట పలకగలదో చెప్పడానికి తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి తలపాగా చాలు. 1908 నుంచి 1918 దాకా ఈ ఊరే ఆయనకు తలదాచుకునే చోటు. ఆయనవి ఉన్నవే కొద్ది ఫొటోలు, అన్నీ నలుపు తెలుపే. 2019లో తమిళనాడు పన్నెండో తరగతి తమిళ వాచకం అట్ట మీద ఆ తలపాగాను కాషాయం చేస్తే ఎంత గొడవ జరిగిందో ఇక్కడివాళ్లందరికీ గుర్తే. గీత మారలేదు, మీసం మారలేదు, ఒక్క గుడ్డ రంగు మారింది. దాంతో మనిషి ఇంకో పార్టీవాడయ్యాడు.

ఇదంతా మనసులో పెట్టుకుని, ‘జనం ఛీకొట్టినవాళ్ల బొమ్మలు నలుపు తెలుపులోనే ఉండనివ్వండి’ అని రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే కాకినాడ స్టూడియో గుర్తొచ్చింది.

పెద్దగా చదువు అబ్బని రోజుల్లో అక్కడ టచింగ్ పని నేర్చుకున్నాను. అప్పటికే కలర్ ఫిల్ము వచ్చేసింది గానీ, గోడకు తగిలించే పెద్దల ఫొటోలకు ఇంకా చేత్తోనే రంగు వేయించుకునేవారు. ప్రింటును ముందు సెపియా చేసేవాళ్లం. నల్లటి నీడ మీద రంగేస్తే మసి కొట్టుకుపోతుంది. గోధుమరంగు నీడ మీదైతే ఒంటి ఛాయలో కలిసిపోతుంది. రంగులు చిన్న పుస్తకంలా వచ్చేవి, ఒక్కో ఆకుకు ఒక్కో రంగు పూసి. గోరంత ముక్క కత్తిరించి పింగాణీ పళ్లెంలో నీటిచుక్కలో వేస్తే రంగు దిగుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, ముందు ఉత్త నీళ్లతో ప్రింటు తడిపి, బుగ్గ నడుమ నుంచి అంచులకు పలచగా లాగాలి. ముదురు పడితే మళ్లీ పోదు. అందుకని ఒక పూత ఆరాక ఇంకో పూత. పెదవులు తర్వాత, చీర అంచులు ఆ తర్వాత. నగలు అన్నిటికన్నా చివర. పసుపు చుక్క పెట్టి, దాని మీద సూదిమొనంత తెలుపు.

కానీ అసలు పని దూది ముట్టకముందే ఉండేది. ఆర్డరు తీసుకునేటప్పుడు ప్రింటు వెనక పెన్సిలుతో రాసుకోవాలి. ఛాయ: చామన. చీర: వంగపండు. అంచు: చిలకాకుపచ్చ. ముక్కుపుడక రాయి: ఎరుపు. కింద చెప్పినవారి పేరు. ఫొటోలోని బూడిదరంగు చూసి అసలు రంగు పోల్చడం ఎవరి తరమూ కాదు. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కంటికే ఆనదు. అందులో కుంకుమబొట్టూ కాటుకా ఒకే నలుపు. నీలం తెల్లగా తేలిపోతుంది. కళ్లారా చూసినవాళ్లు చెప్పాలి, లేకపోతే లేదు. చెప్పేవాళ్లు లేనిచోట సెపియాను అలాగే వదిలెయ్యమనేవారు గురువుగారు. ‘ఇక్కడ మర్చిపోయారా?’ అని ఎవరైనా అడిగితే, ‘మీరు చెప్పలేదు కదండీ’ అనేవారు.

ఒకసారి మెట్ట ఊరి కామందు ఫొటో వచ్చింది. పోయి ఏడాదైంది, సంవత్సరీకానికి పెద్ద సైజులో రంగులతో కావాలి. కొడుకులు చిన్నప్పుడే చదువులకు వెళ్లిపోయినవాళ్లు. తండ్రి శాలువా ఏ రంగో చెప్పలేకపోయారు. ‘మా ఇంట్లో పనిచేసే ఆవిడను పంపుతాం, ఆవిడకన్నీ తెలుసు’ అన్నారు. మర్నాడు ఒక నడివయసు మనిషి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. శాలువా ముదురు మావిచిగురు, జరీ అరిగిపోయి వెండి తేలింది. ఉంగరం రాయి నీలం. మీసం కింద నస్యం మరక. ఎడమ కనుబొమ మీద పాత దెబ్బ, అక్కడ వెంట్రుక మొలవదు. ఛాయ అడిగితే, ‘‘దబ్బపండండి, దొరలా ఉండేవోరు’’ అంది.

చివర్లో ఆవిడే, మేం అడక్కుండా, ఫొటోలో కుర్చీకి ఆనించి ఉన్న చేతికర్రను వేలితో చూపించింది. ‘‘దాని పొన్ను ఇత్తడండి. కింద జానెడు మేర ఎర్ర లక్క. లక్క ఓ పక్క పగిలుంటది.’’ చెబుతూ రెండో చెయ్యి పైటచెంగు కింద పెట్టేసుకుంది. గురువుగారు ఇంకేమీ అడగలేదు. కర్ర ఊసు కొడుకులెవరూ ఎత్తలేదు. అయినా దాన్ని గురువుగారు, కామందు మొహానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ కూర్చుని వేశారు. పొన్ను, లక్క, ఆ పగులు. బొమ్మ చూసి కొడుకులు మురిసిపోయి పట్టుకెళ్లారు. ఆ ఇంటి గోడ మీద అది ఎన్నేళ్లుందో ఆవిడ అన్నేళ్లూ దాని కిందే ఊడ్చి ఉంటుంది.

ఆ మనిషి చెప్పిన రంగుల్లో ఒక్కటీ పగతో ముదిరినది లేదు. దబ్బపండు ఛాయను దబ్బపండనే చెప్పింది. కళ్లు ఎర్రగా ఉండేవనలేదు. దెబ్బ తిన్నవాళ్లకు అబద్ధపు రంగు అవసరం లేదు. వాళ్ల దగ్గర అసలుదే ఉంది. కళ్లెర్ర చెయ్యమని అడిగేది ఆ మనిషిని ఎన్నడూ చూడనివాళ్లు, ఆయన వల్ల ఏమీ పోగొట్టుకోనివాళ్లు.

నాజీల ఆష్విట్జ్ శిబిరంలో తీసిన పద్నాలుగేళ్ల పోలిష్ పిల్ల చెస్వావా క్వోకా ఫొటోకు బ్రెజిల్ చిత్రకారిణి మరీనా అమరాల్ 2018లో రంగులు వేసింది. ఆ ఫొటో తీసిన విల్‌హెల్మ్ బ్రాసె కూడా ఖైదీయే. కెమెరా ముందు కూర్చోబెట్టే ముందు కాపలామనిషి ఆ పిల్లను కొట్టిందనీ, పిల్ల కన్నీళ్లూ పెదవి మీది నెత్తురూ తుడుచుకుని కూర్చుందనీ ఆయన తర్వాత చెప్పాడు. నలుపు తెలుపు ఫొటోలో ఆ పెదవి మీద కనిపించేది చిన్న నల్లమచ్చ. రంగుల్లో అది ఎర్రబడింది. ఆ ఎరుపుకు సాక్షి ఉన్నాడు. మూడేళ్ల తర్వాత కంబోడియాలో ఖ్మేర్ రూజ్ నడిపిన తూల్ స్లెంగ్ జైలు ఖైదీల ఫొటోలకు ఒకాయన రంగులద్ది, కొన్ని ముఖాలకు లేని చిరునవ్వు కూడా అతికించాడు. బతికి బయటపడ్డవాళ్లూ పోయినవాళ్ల బంధువులూ మండిపడ్డారు. కంబోడియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వాటిని ప్రచురించిన వైస్ సంస్థ తీసేసింది. ఆయన ఎవరినీ అడగలేదు. యంత్రం కూడా ఎవరినీ అడగదు. లక్షల కలర్ ఫొటోలు నమిలి, ఇలాంటి బూడిదరంగుకు ఎక్కువసార్లు ఏ రంగు ఉండిందో లెక్కగట్టి అదే పూస్తుంది.

కాబట్టి రజ్వీకి రంగు వెయ్యాలనే అంటున్నాను. మాయాబజార్ మీద నా మాట మారలేదు, అది నలుపు తెలుపు కోసమే తీసిన కళ. రజ్వీ ఫొటో కళ కాదు, ఆనవాలు. ఆయన అలీగఢ్‌లో చదివి లాతూరులో వకాల్తా చేసినవాడు. కోర్టులో మాట్లాడినట్టే మైదానాల్లో మాట్లాడి జనాన్ని రెచ్చగొట్టాడు. 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లి, 1970లో కరాచీలో చనిపోయాడు. అలాంటివాడికి రాక్షసుడి కళ్లు పెడితే ఆయన చేసినదాంట్లో సగం చెరిగిపోతుంది. చదువుకున్నవాడు, చూడ్డానికి బాగున్నవాడు, పక్కింట్లో ఉండదగ్గవాడు అంత పని చెయ్యగలడన్న సంగతి ఆ ఎరుపు కింద మరుగునపడిపోతుంది. ఇంకొకటి కూడా మరుగునపడిపోతుంది. 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో రజాకార్లు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాల్చి, రాసే చేతిని నరికారు. పత్రికలో నాలుగు ముక్కలు రాసుకు బతికే నాకు ఆయన పేరు తలుచుకోకుండా సెప్టెంబరు గడవదు. ఆ ఫ్లెక్సీలో ఆయన లేడు. ఆయనా ముస్లిమే, ఆయన ఉంటే రజ్వీ వెనక పరిచిన ఆకుపచ్చకు అర్థం మిగలదు.

అందుకే ఈ పని ఫ్లెక్సీ షాపు చెయ్యాల్సింది కాదు. సెయింట్ లూయీ వీధిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ తమిళ స్టూడియోల పాత ఫొటోలను ఊరూరా తిరిగి సేకరించి డిజిటల్‌గా దాచింది. నేనడుగుతున్నది ఆ ఓపిక. అసలు ఫొటోను ముట్టుకోకుండా నకలు తీసుకుని తెలంగాణ పల్లెలకు వెళ్లాలి. భైరాన్‌పల్లికి వెళ్లాలి, రజాకార్లు జనాన్ని ఊచకోత కోసిన ఆగస్టు 27 అంటే ఇప్పటికీ ఉలిక్కిపడే ఊరది. గడీల్లో వెట్టి చేసిన కుటుంబాల దగ్గరికీ వెళ్లాలి. దేశ్‌ముఖులకూ రజాకార్లకూ ఒకే రాత్రి తలుపులు తీసినవాళ్లు వాళ్లు. అప్పటికి పదేళ్ల పిల్లలైనా ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. ఊళ్లోకి వచ్చినవాళ్లు ఏం వేసుకున్నారు, తుపాకీ పట్టీ ఏ రంగు, జెండా గుడ్డ ఎలాంటిది, జీపు మీద దుమ్ము తప్ప ఇంకేం కనిపించింది అని అడగాలి. ఇద్దరు ఒకేమాట చెప్పిన రంగు వెయ్యాలి. రజ్వీని కళ్లతో చూసినవాళ్లు దొరికితే ఆయన ఛాయా, చొక్కా రంగూ వాళ్ల నోటివెంటే రావాలి. ఎవరూ చెప్పలేకపోతే చొక్కాను బూడిదరంగులోనే వదిలెయ్యాలి. బొమ్మ వెనక చెప్పినవాళ్ల పేరు, ఊరు, వయసు పెన్సిలుతో రాయాలి. పేరు వద్దన్నవాళ్లవి ఊరూ వయసూ చాలు.