పేరుకున్న కాళ్ల పులుసు

మేక కాళ్ల పులుసును మనవాళ్లు పొగలు కక్కుతుండగానే తింటారు. నేను అది చల్లారి పేరుకునేదాకా ఆగుతాను. భిలాయ్ సెక్టర్ 7లో డిసెంబరు, జనవరి చలికి గిన్నెకు మూతపెట్టి ఉంచితే, తెల్లారేసరికి అందులో గరిటె దిగదు. పైన తెల్లటి కొవ్వు పొర, కింద గోధుమరంగు ముద్ద. గిన్నె కదిపితే ఒళ్లంతా వణుకుతుంది. చూడగానే మొహం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. "చద్ది పులుసు ఎలా తింటావమ్మా, కాస్త వేడిచేసుకో" అనేవారు మా అత్తగారు.

అసలు రుచి ఆ వణుకులోనే ఉందని నా నమ్మకం. కాళ్లలో మాంసం తక్కువ; తోలు, నరాలు, కీళ్ల దగ్గరి మెత్తటి ఎముక ఎక్కువ. వాటిని పట్టి ఉంచేది కొల్లాజెన్. గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే దాని పోగులు విడిపోయి, జెలటిన్‌గా మారి రసంలోకి దిగుతాయి. చల్లారాక మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని, నీళ్లను తమ మధ్య బిగించేస్తాయి. ఆ ముద్ద సుమారు 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నోటి వేడి అంతకన్నా కొంచెం ఎక్కువ. అందుకే పంటి కిందికి వెళ్లకముందే నాలుక మీద రసమవుతుంది. వెల్లుల్లి, మిరియం, ఉప్పు ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. వేడి పులుసులో ఈ క్రమం ఉండదు. మూలుగ వల్ల పేరుకుంటుందనుకుంటారు కానీ మూలుగలో ఉన్నది చాలావరకు కొవ్వు. పెదాలు అంటుకునేలా చేసే జిగురే ఇక్కడ పనిచేసేది.

దీన్ని ఇలా చల్లగా తినడమే పండగ అనుకునే జనం ఒకప్పుడు ఈ ఊళ్లోనే కాపురం ఉన్నారు. 1955లో సోవియట్ యూనియన్‌తో భిలాయ్ ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఏళ్లలో సోవియట్ ఇంజనీర్లు వచ్చారు, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్లూ వచ్చారు. రష్యన్ల ఇళ్లలో కొత్త సంవత్సరం విందుకు ఖొలొదేత్స్ ఉండి తీరాలి. పంది కాళ్లో, గొడ్డు కాళ్లో ఉడికించి, ఎముకలు ఏరేసి, మాంసం చీల్చి, వెల్లుల్లి కలిపి, వడకట్టిన రసం పోసి చలిలో పెడతారు. నంజుకోవడానికి ఆవముద్ద, లేదంటే ఖ్రేన్ అనే వేరు తురుము. ఆ వేరులోనూ మన ఆవపిండిలోనూ ముక్కుకెక్కే ఘాటు ఒక్కటే, రసాయనం పేరుతో సహా. ఆ సంగతి తెలిశాక పేరుకున్న పులుసు పక్కన ఆవకాయ ఊట పెట్టుకోకుండా నేను తినలేదు. కొవ్వు జిడ్డును అంత బాగా విరిచేది మరొకటి లేదు.

పేరుకున్న ముద్ద మోజు రష్యన్లదే కాదు. 1950లలో అమెరికన్ పత్రికల నిండా జెలటిన్‌లో బిగించిన గుడ్లు, రొయ్యలు, కూరగాయల రంగుల బొమ్మలే. ఇప్పుడు వాటిని చూసి జనం నవ్వుతారు. నాకు నవ్వు రాదు, వాటి మీద గౌరవమే. కాకపోతే పొట్లం జెలటిన్‌కు తనదంటూ రుచి లేదు. ఎముకలోంచి దిగిన రసానికి ఉంది.

చేసేవాళ్లకు కొన్ని మాటలు. కాళ్లు కాల్పించి, గీకించి తెచ్చుకోండి. తెట్టె తీస్తూ ఉండండి. కళపెళ మరగనిస్తే కొవ్వు కలిసిపోయి రసం మసకబారుతుంది. కుక్కర్‌లోనూ చేయొచ్చు, 1679లో డెనీ పాపెన్ దాని మూలరూపాన్ని తయారుచేసింది ఎముకలు మెత్తబరచడానికే. విజిల్ పడకుండా మంట తగ్గించుకుంటే చాలు. చింతపండు వద్దు, పులుపు పట్టును సడలిస్తుంది. పచ్చి బొప్పాయిని దగ్గరికే రానివ్వకండి, అందులోని ఎంజైము జెలటిన్‌ను తుంచేస్తుంది. ఇక మే నెలలో మొదలుపెట్టకండి. ఈ ఊరి ఎండకు పళ్లెంలోనే నీరవుతుంది.

దించేముందు చల్లటి పళ్లెం మీద ఒక చెంచా రసం పోసి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి వేలితో నెట్టి చూడండి. ముడతపడితే వడకట్టేయొచ్చు. జారిపోతే ఇంకో గంట పొయ్యి మీదే ఉండనివ్వండి.