తెర మీది ‘తేడా’ పాత్రకు ప్రవేశ దరువు ఏది?

నాటకంలో ఒక పాత్ర రంగస్థలం మీదికి ఎట్లా వస్తుందన్నది చిన్న విషయం కాదు. ఆ పాత్ర పట్ల రచయితకున్న గౌరవమో, అగౌరవమో ఆ మొదటి అడుగులోనే బయటపడుతుంది. కూచిపూడి వాళ్ళు ఈ సంగతి గ్రహించారు కాబట్టే ముఖ్య పాత్రలకు ప్రవేశ దరువులు పెట్టారు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, తానెవరో తానే చెప్పుకుంటూ వస్తుంది. ఆ వేషాన్ని దశాబ్దాల పాటు కట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ మగవాడు. 1970లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మన వైపు ఒగ్గు కథలో కథకుడు భుజం మీది బట్టను నెత్తిన కప్పుకుంటే ఆడమనిషి, తీసేస్తే మగమనిషి. చిందు భాగోతంలో చిందు ఎల్లమ్మ మగ వేషాలు కూడా కట్టింది. మన పల్లెల జనం వీటన్నిటినీ రాత్రి రాత్రంతా కూర్చుని చూశారు. కనుక ‘మన ప్రేక్షకులు ఇటువంటివి అంగీకరించరు’ అనే మాటను నేను మొదటే పక్కన పెడుతున్నాను. ఆ మాట ప్రేక్షకులది కాదు, నిర్మాతలది.

నేను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. మగవాణ్ణి ప్రేమించే మగవాడు, ఆడదాన్ని ప్రేమించే ఆడది మన తెలుగు తెర మీదికి, ముఖ్యంగా ఇంటింటి టీవీలోకి, చేతి ఫోన్‌లోకి ఎట్లా ప్రవేశిస్తున్నారు? నేను చూసినంతలో వాళ్ళకు మూడు తలుపులే ఉన్నాయి. ఒకటి నవ్వు, రెండు ఉలికిపాటు, మూడు రోగం. తానెవరో తానే చెప్పుకునే తలుపు లేదు.

మొదటి తలుపు సంగతి చూద్దాం. స్త్రీ వేషం వేసిన మగవాడి హాస్యం మనకు కొత్త కాదు. 1991లో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్, 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్ అట్లా నవ్వించారు. అక్కడ నవ్వు వేషం మీద. వేషం ఎప్పుడు బయటపడుతుందో అన్న ఆదుర్దాలోంచి ఆ నవ్వు పుట్టింది. టీవీ స్కిట్లలో, తర్వాతి సినిమాల కామెడీ ట్రాకుల్లో వచ్చిన ‘తేడా’ పాత్ర అటువంటిది కాదు. అక్కడ వేషమేమీ లేదు, మనిషే హాస్య వస్తువు. అతను నడుము తిప్పుతూ వస్తాడు, వెనుక ఒక వింత సంగీతం మోగుతుంది, నాయకుడి మిత్రుడు భయపడి దూరం జరుగుతాడు. అంతటితో ఆ పాత్ర పని అయిపోతుంది. అతనికి ఊరు లేదు, అమ్మ లేదు, కూలి లేదు, కులం లేదు. వర్గ సమాజంలో ఇన్ని లేని మనిషి ఎక్కడైనా ఉంటాడా? వాస్తవికత గురించి ఇంత మాట్లాడిన మన విమర్శ ఈ పచ్చి అవాస్తవాన్ని ఒక్కసారి కూడా గట్టిగా నిలదీయలేదు.

ఈ హాస్యం ఇంకొక మోసం కూడా చేస్తుంది. మగవాణ్ణి ప్రేమించే మగవాడు వేరు, మగ శరీరంతో పుట్టి తాను స్త్రీనని ఎరిగిన మనిషి వేరు. తెర ఇద్దరినీ ఒకే మూటలో కట్టి ఒకే తిట్టు పెట్టింది. విచిత్రమేమంటే, తనను తాను పరిచయం చేసుకునే అవకాశం ఈ రెండో వారికి నాటకంలో కాకుండా బిగ్‌బాస్ వంటి వ్యాపార వినోదంలో దొరికింది. 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంక సింగ్ తామెవరో తామే చెప్పుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టారు. ఆ కార్యక్రమం మీద నాకు ఎటువంటి భ్రమా లేదు. అయినా ఆ మాత్రం మర్యాద సీరియల్ రచయిత ఇవ్వలేకపోయాడంటే తప్పు ఎవరిది?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. పదేళ్ళ కింద నా పదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మెత్తగా మాట్లాడేవాడు, పద్యం బాగా చదివేవాడు. టీవీలో వచ్చే ఒక స్కిట్ పాత్ర పేరును మిగతా పిల్లలు వాడికి తగిలించారు. ఒకరోజు వాడు పద్యం అప్పగిస్తుంటే వెనుక బెంచీ నుంచి ఎవడో ఆ పేరు పెట్టి అరిచాడు. తరగతి మొత్తం నవ్వింది. మొన్న వాడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి కోరుట్లలో మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చాయ తాగి, చాలాసేపు ఊరుకుని, “సార్, అప్పుడు మీరు గూడ నవ్విండ్రు” అన్నాడు. కోపంగా అనలేదు. ఇంట్లో పెండ్లి సంబంధం చూస్తున్నారనీ, అందుకే సెలవు తగ్గించుకుని వెళ్ళిపోతున్నాననీ చెప్పాడు. నేను నవ్విన సంగతి నాకు జ్ఞాపకం లేదు. వాడికి ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండో తలుపు ఉలికిపాటు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’ సినిమాను ఇక్కడ న్యాయంగా చూడాలి. ఒక అమ్మాయి తాను పెళ్ళాడబోయే మనిషిని చూపించడానికి తల్లిదండ్రులను హోటల్‌కు పిలుస్తుంది. వాళ్ళు అబ్బాయి కోసం చూస్తుంటారు. ‘క్రిష్’ అన్న పేరు మగపేరే అనుకుంటారు. వచ్చింది అమ్మాయి. నిత్యా మీనన్, ఈషా రెబ్బా ఆ జంటను హుందాగా నటించారు. ఇద్దరు స్త్రీలు ఒక బల్ల ముందు కూర్చుని పెద్దవాళ్ళతో తమ ప్రేమ గురించి నిదానంగా వాదించడం తెలుగు తెర మీద సాహసమే. ఆ మేరకు మెచ్చుకోవలసిందే.

కాని కథ చివర ఏం జరిగింది? ఈ జంటతో సహా పాత్రలన్నీ చిన్ననాడు అత్యాచారానికి గురైన ఒక స్త్రీ మనసులోని ముక్కలని తేలుతుంది. అంటే ఈ ప్రేమకు బయటి ప్రపంచంలో ఉనికి లేదు, ఒక గాయం లోపల మాత్రమే ఉంది. శిల్పం దృష్ట్యా అది తెలివైన ముగింపు కావచ్చు. వస్తువు దృష్ట్యా అది మూడో తలుపు. ప్రేమను రోగ లక్షణంగా చూపించే తలుపు. ఉలికిపాటుతో లోపలికి వచ్చిన పాత్రను రోగంతో బయటికి పంపించారు. ఆడా మగా ప్రేమకు ఏ రచయితా కారణం వెతకడు. ఈ ప్రేమకు మాత్రం చిన్ననాటి గాయమో, మరొకటో సంజాయిషీ కావాలి.

ఇక దినసరి సీరియల్ సంగతి. కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని, చేయి ఆకు మీద, చూపు తెర మీద ఉంచి చూసే కళారూపం అది. దాన్ని చులకన చేసే పండితులతో నేను ఏకీభవించను. అంతమంది శ్రామిక స్త్రీలు చూసే కథ విమర్శకుడికి ముఖ్యమే. 2017 నుంచి 2023 దాకా 1500 భాగాలు దాటి నడిచిన ‘కార్తీకదీపం’ మొత్తం ఒక మగవాడు భార్య శీలాన్ని అనుమానించడం మీద నిలబడింది. ఆడదాని శీలానికి అయిదేళ్ళ వ్యవధి ఇవ్వగలిగిన ఈ పరిశ్రమ, ఇష్టం లేకుండా పీటల మీద కూర్చున్న మగవాడి మౌనానికి ఒక్క వారం ఇవ్వలేదేమి? కారణం ఆర్థికమైనది. సీరియల్ మధ్యలో అమ్మే సబ్బు, నూనె, నగ, అన్నీ ఉమ్మడి కుటుంబానికే అమ్ముతారు. ఆ కుటుంబం ఏడవవచ్చు, కొట్టుకోవచ్చు, విషం కలుపుకోవచ్చు. దాని పునాది మీద ప్రశ్న మాత్రం రాకూడదు. భూస్వామ్య కుటుంబ నీతిని పెట్టుబడి తన సరుకు కోసం కాపలా కాస్తోందన్నమాట.

పట్నపు పెట్టుబడికి మాత్రం ఈ జంకు కొంత తక్కువ. 2019లో ‘మేడ్ ఇన్ హెవెన్’లో ఢిల్లీ పెళ్ళిళ్ళు చేయించే కరణ్ అనే పాత్ర వచ్చింది. 2022లో ‘మోడరన్ లవ్ ముంబై’లో హన్సల్ మెహతా తీసిన ‘బాయి’ కథ వచ్చింది. అదే ఏడాది అదే వరుసలో వచ్చిన ‘మోడరన్ లవ్ హైదరాబాద్’లో ఆరు కథలున్నా, ఒక్కదానికీ ఇటువంటి జంట కేంద్రం కాలేదు. అదే హైదరాబాదులో 2021 డిసెంబరులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల ముందు పెళ్ళి వేడుక చేసుకున్నారు. తర్వాత తమ హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2023 అక్టోబరు 17న ఆ కోర్టు అటువంటి పెళ్ళికి గుర్తింపు నిరాకరించింది. జీవితం పత్రికల్లోకి ఎక్కిన తర్వాత కూడా తెలుగు కథనం దాన్ని చూడలేదన్నది గమనించాలి.

మరి మంచి ఉదాహరణ లేదా? ఉంది, పొరుగున. 2023 నవంబరులో వచ్చిన జియో బేబీ మలయాళ చిత్రం ‘కాదల్: ది కోర్’ను మన రచయితలు తప్పక చూడాలి. మమ్ముట్టి నటించిన మాథ్యూ ఒక మధ్యతరగతి ఉద్యోగ విరమణదారు. వామపక్ష పార్టీ తరఫున పంచాయతీ ఉప ఎన్నికలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య ఓమన విడాకులకు అర్జీ పెట్టింది. మనకు అతను మొదట కొడుకుగా, తండ్రిగా, అభ్యర్థిగా తెలుస్తాడు. నడుము తిప్పడు. వెనుక వింత సంగీతం మోగదు. ఆ పెళ్ళిలో నష్టపోయిన స్త్రీని దర్శకుడు మరిచిపోలేదు. కథకు న్యాయబుద్ధి జ్యోతిక పాత్రే. ముసలి తండ్రి కోర్టులో నిజం ఒప్పుకునే దృశ్యం, కుటుంబం ఎట్లా ఇద్దరు మనుషుల్ని కలిపి పాతిపెట్టిందో చెబుతుంది. లోపం కూడా ఉంది. మాథ్యూ రహస్యం అర్జీ ద్వారానే తెలుస్తుంది. అతని ప్రేమను దర్శకుడు చాలా దూరం నుంచే చూపించాడు. అంటే ఇక్కడా ప్రవేశ దరువు సగమే. అయినా ఆ సగం మనకు లేదు.

ఇటీవల సిరిసిల్లలో నలుగురం కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు, “ఇది పట్నపోళ్ళ సోకు. సాంచెల మీద మనుషులు ఉరిపోసుకుంటుంటే మనకు ఇదా కావల్సింది?” అన్నాడు. మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యల గురించి వ్యాసాలు రాసినవాణ్ణే నేను. ఆ మిత్రుడి ఆవేదన నాకు తెలుసు. కాని ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. సాంచె నడిపేవాడిలో ఇటువంటివాడు ఉండడని మనం ముందే నిర్ణయించుకున్నాం. గల్ఫ్ గదిలో పదిమంది మధ్య పడుకుని ఒక్క మాట చెప్పుకోలేనివాడు కార్మికుడు కాడా? డబ్బున్నవాడు హైదరాబాదుకో, బెంగుళూరుకో వెళ్ళి బతకగలడు. పేదవాడికి ఊరే దిక్కు, పెండ్లే మార్గం. కాబట్టి ఈ అణచివేత వర్గంతో ముడిపడినదే.

మన ఉద్యమ చరిత్ర కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. సోవియట్ రష్యా 1922లో ఈ ప్రేమను నేరాల జాబితా నుంచి తీసేసి, 1934లో మళ్ళీ నేరం చేసింది. ఇస్మత్ చుగ్తాయి ‘లిహాఫ్’ 1942లో అచ్చయితే ఆమెను లాహోరు కోర్టుకు ఈడ్చారు. 1945లో మన హైదరాబాదులోనే జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో అశ్లీలతను ఖండించే తీర్మానం వస్తే, దాన్ని ఎదిరించి నిలబడినవాడు మౌలానా హస్రత్ మొహానీ. గడ్డం పెంచుకున్న మౌలానాకు ఉన్న విశాలత మనకు ఉండకూడదా? 1860 నాటి వలస చట్టంలోని 377 సెక్షన్ పట్టును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న వదిలించింది. కోర్టు కంటే సాహిత్యం వెనుక నడవడం అభ్యుదయం అనిపించుకోదు.

దారి చూపినవాళ్ళు మనలోనే ఉన్నారు. రేవతి జీవిత కథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దానికే వచ్చింది. మన పక్కనే వేములవాడలో శ్రీరామనవమి నాడు శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు రాజన్న సన్నిధిలో తలంబ్రాలు పోసుకుంటారు. ఆ ఆచారాన్ని నేను కీర్తించడం లేదు, అందులో దోపిడీ ఉంది. కాని ఏడాదికి ఒక్కరోజు దేవుని పేరు మీద ఇచ్చే చోటును, మిగతా రోజుల్లో మనుషుల పేరు మీద ఇవ్వలేమా అని అడుగుతున్నాను.

రచయితలను కోరేది పెద్దదేమీ కాదు. పాత్రకు ముందు ఊరు, కూలి, అమ్మ ఇవ్వండి. ప్రేమకు సంజాయిషీ అడగకండి. ఇష్టం లేని పెండ్లిలో నలిగిన స్త్రీని మరిచిపోకండి. తానెవరో చెప్పే మొదటి మాట ఆ పాత్ర నోటనే పలికించండి. ఉపాధ్యాయులైన పాఠకులకు మరొక మాట. తరగతిలో ఈసారి ఆ పేరు వినిపించినప్పుడు పాఠం ఆపండి. నేను ఆపలేదు. ఆ పిల్లవాడు ఆ రోజు అప్పగిస్తున్న పద్యం సగంలోనే ఆగిపోయింది.