ఇంటి గంధపు పొడి: గుణదోష విచారణ

గంధం తెలుగువారికి కొత్త వస్తువు కాదు. గుంటూరు చెంత నల్లపాడుకు పడమరగా ఉన్న కొండవీటిలో, 14వ శతాబ్దం చివర, కుమారగిరి రెడ్డి జరిపించిన వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు అందించినవాడు అవచి తిప్పయ్యసెట్టి. సింహాచలంలో నేటికీ స్వామి మూర్తికి గంధపు పూత ఉన్నది. ఇంత చరిత్రగల ద్రవ్యాన్ని ఇప్పుడు మిక్సీలో పొడిచేసి, నిమ్మరసంతో కలిపి పూసుకొంటే రంగు తేలుతుందనీ, మొటిమలు పోతాయనీ చెప్పుకొంటున్నారు. ఇందులో నిజమెంతో విచారించవలసి ఉన్నది.

శ్రీగంధపు చెట్టులో పరిమళమంతా చేవలోనే ఉంటుంది. చుట్టూ ఉన్న తెల్లచెక్కకు వాసన లేదు. మంచి చేవలో వందకు 6 వంతుల దాకా తైలం ఉండవచ్చు. అందులో ముఖ్యమైనవి ఆల్ఫా, బీటా శాంటలాల్‌లు. ఎర్రచందనం వేరే జాతి చెట్టు. దానికి రంగే గాని ఈ తైలం లేదు. కనుక పేరు చూచి ఒకదానికి బదులు మరొకటి వాడటం మొదటి పొరపాటు.

గంధం చల్లదనమిస్తుందన్న మాట అనుభవసిద్ధమే. అయితే దానికి ముఖ్యకారణం నీరు. చర్మం మీద 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీల వేడిని గ్రహిస్తుంది. పూత ఆరగానే ఆ చల్లదనమూ తగ్గుతుంది.

ఇక రంగు మాట. మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమును ఆల్ఫా శాంటలాల్ అడ్డగించడం ప్రయోగశాలలో కనబడింది. కాని గాజుగొట్టంలోని ఎంజైము వేరు, బ్రతికిన చర్మం వేరు. 1 గ్రాము పొడిలో ఉండే తైలం ఎంత ఎక్కువైనా 60 మిల్లీగ్రాములు. అందులోనూ చాలా భాగం చెక్క రేణువుల్లోనే ఉండిపోతుంది. రంగు మారుతుందనడానికి ఈ ఆధారం చాలదు.

తయారీలోని దోషాలు ఇంతకంటె ముఖ్యమైనవి. నల్లపాడు ప్రాంతం మిరపసీమ. కారం పట్టిన మిక్సీ గిన్నెలోనే చెక్క వేస్తే ఏమవుతుంది? ఘాటుకు మూలమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు. వట్టి నీళ్లతో కడిగిన గిన్నెలో అది మిగిలి, ముఖాన్నీ కళ్లనూ మండిస్తుంది. పైగా మెత్తని చెక్కధూళి శ్వాసకు చెరుపు. నిమ్మరసం మరొక ప్రమాదం. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలూ, నల్లమచ్చలూ ఏర్పడవచ్చు. తెల్లబడాలని పూసినది నల్లబరుస్తుందన్నమాట!

ఈ విషయంలో పెద్దల సాన పద్ధతే మెరుగు. నీటితో అరగదీయడంవల్ల ధూళి లేవదు, కారం అంటదు, ఏ పూటకాపూట తాజాగా లభిస్తుంది. తడిగంధాన్ని నిలవచేస్తే బూజు పడుతుంది. సహజమైనదల్లా నిరపాయమని కూడా తలచరాదు. గంధం కొందరికి పడదు. ముందుగా మోచేతి లోపలివైపు కొంచెం రాసి, 2 రోజులు గమనించడం మంచిది. దద్దురు, దురద కలిగితే మానవలెను. ముదిరిన మొటిమలకు వైద్యుడే శరణ్యం.

పరిమళానికీ, వేసవిలో కాసేపు హాయికీ గంధం తగినదే. చామనఛాయ మాత్రం పోగొట్టుకోవలసిన జబ్బు కాదు. గుంటూరు ఎండలో చర్మాన్ని కాచేది ఆ మెలనినే.