ఎక్కాల తెలుగు, పుస్తకాల తెలుగు: ప్రాథమిక గణిత పదజాలం – ఒక పరిశీలన

గుణదలలో తెలుగు మాట్లాడే ఇంటి పిల్ల బడిలో అడుగుపెట్టేనాటికే కొంత గణితం నేర్చుకొని ఉంటుంది. పాలు అర లీటరు, కందిపప్పు పావుకిలో, పడవలరేవు దగ్గర అరటిపండ్లు డజను, ఆటోలో నలుగురు. బడి ఆమెకు కొత్తగా ఇచ్చేది లెక్క కాదు, లెక్కకు పేరు. (ఊరి పేరులోని ‘గుణ’ శబ్దానికీ గుణకారానికీ బంధుత్వం వెదకనక్కరలేదు.)

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఇటీవల ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ పేర్ల సమస్యను కొత్త వెలుగులో నిలిపాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. ‘యాడిషన్’కు ఎదురుగా ‘సంకలనం’, ‘డివిడెండ్’కు ఎదురుగా ‘విభాజ్యం’ కనిపించినప్పుడు తల్లిదండ్రులకు రెండూ సమానంగా అపరిచితాలే. తెలుగులో లెక్కలు కష్టమన్న తీర్పు అక్కడ పుడుతుంది. అయితే ఆ తీర్పుకు ఆధారం తెలుగులోని ఒక్క పొర మాత్రమే. కూడిక, తీసివేత, హెచ్చవేత అన్న రెండవ పొర సాక్ష్యానికే రాలేదు.

దీనిని తత్సమ, దేశ్య పదాల తగవుగా చూడడం పొరపాటు. ‘సున్న’ సంస్కృత ‘శూన్య’ శబ్దభవమే. ‘భాగారం’ జనం నోట అరిగిన భాగహారమే. తెలుగులో గణిత గ్రంథరచన కూడా కొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చి శతాబ్దాలు గడిచాయి. శాస్త్రపదాలకు తమదైన మేలూ ఉంది: గుణ్యం, గుణకం, గుణలబ్ధం ఒకే కుదురు నుంచి పుట్టాయని తెలిసినవారికి మూడింటి సంబంధం పదాలలోనే దొరుకుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ కుదురు కనిపించదు. ఆమెకు కనిపించేది ‘చుట్టుకొలత’. చుట్టూ కొలిచినది చుట్టుకొలత. నిర్వచనం పేరులోనే ఉంది. అదే పాఠంలో దాని పక్కన నిలిచిన ‘వైశాల్యం’కు ఆ సౌలభ్యం లేదు.

ఈ దృష్టితో చూస్తే ఎక్కాలు కేవలం కంఠస్థ సామగ్రి కావు. ‘రెండు మూళ్ళు ఆరు’ అన్న పాదంలో ‘మూళ్ళు’ బహువచనం. మూడు అనే కట్టలు రెండు ఉన్నాయని వ్యాకరణమే చెబుతున్నది. గుణకారమంటే పునరావృత సంకలనమని పుస్తకం ఒక పుట వెచ్చించి చెప్పేది ఎక్కం ఒక బహువచన ప్రత్యయంతో చెప్పింది. ‘రెండు రెళ్ళు ఆరు’ అని జంధ్యాల సినిమాకు పేరు పెడితే ప్రేక్షకులు వెంటనే నవ్వగలిగారంటే ఆ నిర్మాణం ఎంతగా నాటుకొని ఉన్నదో ఊహించవచ్చు. ఒక చిక్కు మాత్రం గమనించాలి. ‘రెండును మూడుసార్లు కూడగా ఆరు’ అని వివరించే ఉపాధ్యాయుడు, తెలియకుండానే, ఎక్కం గీసిన బొమ్మను తిరగవేస్తున్నాడు. ఫలితం మారదు, బొమ్మ మారుతుంది. అర్థం కాలేదనే పిల్ల తికమకపడుతున్నది బహుశా ఇక్కడే.

భిన్నాల విషయంలో నష్టం మరింత పెద్దది. ‘నాలుగింట మూడు వంతులు’ అన్న పలుకుబడిలో ‘నాలుగింట’ సప్తమ్యర్థకం. మొదట మొత్తాన్ని నాలుగు చేయాలి, పిదప మూడింటిని తీసుకోవాలి. భిన్న నిర్వచనం ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. తరగతిలో వినిపించేది ‘మూడు బై నాలుగు’. అందులో రెండు అంకెలు ఒకదానిపై ఒకటి ఉన్నాయన్న వార్త తప్ప భాగం, పంపకం లేవు. రాతలో లవం పైన, హారం కింద ఉంటాయి కనుక హారాన్ని ముందు చదవడం పిల్లలను తడబెడుతుందన్న ఆక్షేపణ కాదనరానిది. కానీ ఆ తడబాటును ఒక రోజు పాఠంతో సవరించవచ్చు. పోయిన అర్థాన్ని తిరిగి తేవడం అంత సులభం కాదు. ఒకటింబావు, ఒకటిన్నర, పావుతక్కువ రెండు అన్నవి మిశ్రమ భిన్నాలేనని ఏ అభ్యాసమూ చెప్పకపోవడం విచారకరం. ఇంటి మాటలకు హద్దు ఉన్న మాట నిజమే. 1957లో దశాంశ నాణేలు వచ్చి అణాలు పోగా వీసం వాడుక తప్పింది. పదహారణాలు ఇప్పుడు భాషాభిమానాన్ని కొలవడానికే మిగిలాయి. ఏడవ వంతుకు పావు వంటి సొంత పేరు ఎప్పుడూ ఉన్నట్టు లేదు. ‘ఏడింట మూడు వంతులు’ అన్న నిర్మాణానికి ఆ హద్దు వర్తించదు. అది ఏ సంఖ్యకైనా చెల్లుతుంది.

‘భేదం’ వంటి పదాల సందిగ్ధత వేరు. పన్నెండుకూ ఏడుకూ భేదమేమిటని అడిగితే ఒకటి సరి, ఒకటి బేసి అని జవాబిచ్చే పిల్ల తప్పు చెప్పలేదు. ఇంగ్లీషు ‘డిఫరెన్స్’లోనూ ఇదే చిక్కు ఉంది గనుక నేరం తెలుగుది మాత్రమే కాదు. ‘ఎంత ఎక్కువ?’ అన్న ప్రశ్నలో చిక్కే లేదు.

రాత లెక్కలలో మరొక సంగతి. తెలుగు సంఖ్య లెక్కించే వస్తువును బట్టి మారుతుంది: మూడు కొవ్వొత్తులు, ముగ్గురు యాత్రికులు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే మేరీమాత ఉత్సవాల రద్దీలో గుణదల పిల్లలు ఈ రెండు వరుసలనూ తప్పులేకుండా వాడతారు. అచ్చులో ‘3గురు’ అని కనిపించగానే అదే పిల్ల ఆగి, ‘మూడుగురు’ అని చదువుతుంది. అంకెకు బదులు అక్షరాలలో ‘ముగ్గురు’ అని అచ్చువేస్తే ఆ తప్పుకు తావే ఉండదు.