దూరమును వేగముతో భాగించిన చాలునా? ప్రయాణకాల పట్టికలపై ఒక విమర్శ

వేర్వేరు దేశములలోని రెండు నగరముల మధ్య దూరమును, విమాన ప్రయాణకాలమును తెలుపు పట్టికలు నేడు కోకొల్లలు. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములనే తీసికొందము. దూరము సుమారు 12,360 కిలోమీటరులు. గంటకు 900 కిలోమీటరుల వేగమున పట్టు కాలము 13 గంటల 44 నిమిషములు. మొదటి అంకె సరియైనదే. రెండవది ఉత్త భాగాహారము. అందులోని 44 నిమిషములన్న ధీమా మరీ చిత్రమైనది. విమానము పైకి లేచుటలోను, దిగుటలోను జరుగు జాప్యమే ఆ నిమిషములను మింగివేయగలదు.

ముందు దూరము మాట. తరగతి గోడమీది మెర్కేటర్ పటమున ఈ రెండు నగరములను స్కేలుతో కలిపినచో గీత చైనా, జపానుల మీదుగా దాదాపు తూర్పుగానే సాగును. ఆ దారి పొడవు రమారమి 15,000 కిలోమీటరులు. గ్లోబుమీద దారమును బిగించి చూచినచో అది సైబీరియా మీదుగా ఉత్తరమునకు ఎగబ్రాకి, 75 డిగ్రీల అక్షాంశమును దాటి, ఆవల దిగును. ఇదియే మహావృత్త మార్గము, అన్నిటికంటె దగ్గర దారి. ఇందుకు పటమును నిందించుట న్యాయము కాదు. 1569లో మెర్కేటర్ దానిని నావికులకొరకు రచించెను. దిక్సూచి చూపు దిశను మార్చకుండ పోవువానికి ఆ సరళరేఖయే దారి. దానితో దూరములు కొలుచుట కొలుచువారి తప్పు.

ఇక కాలము. పట్టికల అసలు లోపము ఇక్కడనే ఉన్నది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ రెండు నగరముల మధ్య సర్వీసును ప్రారంభించినపుడు విమానము పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయెడిది. 2016 అక్టోబరులో దానిని తూర్పుగా, పసిఫిక్ మీదుగా మళ్ళించిరి. కొత్త దారి 15,300 కిలోమీటరులు. పాతదానికంటె సుమారు 1,400 కిలోమీటరులు ఎక్కువ. అయినను ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసెను. పాత దారిన ఇంతకంటె దాదాపు రెండు గంటలు ఎక్కువ పట్టెడిది! దూరము పెరిగి కాలము తగ్గుట ఏ పట్టికకును అందని సంగతి.

15,300ను 14.5తో భాగించినచో గంటకు 1,055 కిలోమీటరులు వచ్చును. విమానము గాలిలో పోవు వేగము 900 అనుకొన్నచో తక్కిన 155 గాలి ఇచ్చినదే. నేలకు 9 నుండి 12 కిలోమీటరుల ఎత్తున, మధ్య అక్షాంశములలో, పడమటినుండి తూర్పునకు వీచు జెట్ ప్రవాహమే ఆ గాలి. ఏటివాలున పోవు పడవకును ఎదురీదు పడవకును ఉన్న భేదమే ఇది. 2020 ఫిబ్రవరిలో ఒక విమానము న్యూయార్కునుండి లండనుకు 4 గంటల 56 నిమిషములలో చేరెను. ఎదురుదిశలో సాధారణముగా ఏడు గంటలు దాటును. ఆనాటి విమానము శబ్దవేగమును మించెనని కొందరు మురిసిరి. అది పొరపాటు. శబ్దవేగముతో పోల్చవలసినది గాలిని బట్టి విమానమునకు ఉన్న వేగమునే గాని నేలను బట్టి ఉన్న వేగమును కాదు.

కావున పోవుటకొకటి, వచ్చుటకొకటి, రెండు కాలములు ఈయని పట్టిక విద్యార్థికి పనికిరాదు. స్థానిక కాలముల చిక్కును ఇట్టి పట్టికలు తలపెట్టనే తలపెట్టవు. అక్టోబరులో తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీ విడిచి పసిఫిక్ దారిన పోయినవాడు, పదునాలుగున్నర గంటలు ఎగిరిన పిమ్మట, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ ఉదయము 6 గంటలకు దిగును. తరగతిలో లెక్కగా ఇచ్చుటకు ఇది బాగుండును: రెండు గడియారముల నడుమ తేడా పన్నెండున్నర గంటలు, దారిలో దాటినది దినరేఖ.